ఒకే మనిషి, ఐదు రికార్డులు: సిరొంచలో సికిల్‌సెల్ డేటా కలిపిన అనుభవం

సిరొంచ తాలూకాలో సికిల్‌సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) ఉన్న ఒక అమ్మాయి వివరాలు ఎన్ని చోట్ల ఉంటాయో చూడండి. ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు చేసిన పరీక్ష ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. తర్వాత పంపిన రక్తం శాంపిల్ రిజల్టు ల్యాబ్ కంప్యూటర్‌లో ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూపించుకుంటున్న దవాఖానాలో కేస్ పేపర్ నంబర్ ఉంటుంది. ఆశా వర్కర్ ఇంటికెళ్లి మందులిచ్చిన తేదీలు ఆమె ఫోన్‌లోని యాప్‌లో ఉంటాయి. నొప్పి ఎక్కువై నది దాటించి మంచిర్యాలకో వరంగల్‌కో తీసుకెళ్తే, అక్కడ రక్తం ఎక్కించిన సంగతి డిశ్చార్జి కాగితం మీద ఉంటుంది. ఐదు చోట్లా ఉన్నది ఒక్క అమ్మాయే. కానీ ఒకచోట రాసింది ఇంకోచోట ఉన్నవాళ్లకు తెలియదు.

ఈ ఐదింటినీ ఒకచోట కలిపి పెట్టమని ఇక్కడ పనిచేసే ఒక చిన్న సేవాసంస్థ వాళ్లు నన్ను అడిగారు. నేను హైదరాబాద్‌లో డేటాబేస్‌ల మీద పనిచేస్తాను, పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడే. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణం కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి ఇవతల సిరొంచ, అవతల తెలంగాణలోని కాళేశ్వరం. జిల్లా కేంద్రానికి పోవాలంటే సుమారు 200 కిలోమీటర్లు. ఇంకోపక్క ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గూడేల్లో మాడియా, ల్యాబ్ రిపోర్టులో ఇంగ్లిష్. చుట్టాల్లో సగం మంది తెలంగాణలోనే ఉంటారు. ఇక్కడి మనిషి రికార్డు మూడు భాషల్లో, రెండు రాష్ట్రాల్లో ఉండటం మాకు మామూలు సంగతి.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధాని మోదీ జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 కల్లా ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయాలని దాని లక్ష్యం. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మూడూ అందులో ఉన్నాయి. పరీక్షలు పెరిగాయి, మంచిదే. వాటితోపాటు షీట్లూ పెరిగాయి. సంస్థ వాళ్లకు కావాల్సినవి చాలా మామూలు ప్రశ్నలకు జవాబులు: ఈ జబ్బుకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్రలు మధ్యలో మానేసినవాళ్లు ఎవరు? ఎవరికి పరీక్ష మళ్లీ చేయాలి? ఏ ఇంట్లో తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి? డేటా అంతా చేతిలోనే ఉండి కూడా ఈ మూడింటికీ జవాబు చెప్పలేకపోతున్నారు.

మొదట చేసింది అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి దించడం. ల్యాబ్‌ది మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్. దాన్ని చదవడానికి పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ డేటా రాపర్ అనే సదుపాయం ఉంది. అక్కడి టేబుల్ ఇక్కడి టేబుల్‌లాగే కనిపిస్తుంది, కాపీ చేయకుండానే క్వెరీ రాసుకోవచ్చు. మిగతావాటికి పైథాన్‌లో చిన్న చిన్న స్క్రిప్టులు రాశాను. దించేటప్పుడు ప్రతి కాలమ్‌నూ టెక్స్ట్‌గానే ఉంచాను. తేదీని తేదీగా, అంకెను అంకెగా మార్చే పని తర్వాతి మెట్టులో. ఇది అనవసర శ్రమ అనిపించవచ్చు కానీ, ల్యాబ్ టేబుల్‌లో పుట్టిన తేదీ తెలియని చోట '0000-00-00' అని ఉంది. పాత సెట్టింగులున్న మైఎస్‌క్యూఎల్ దాన్ని ఒప్పుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. మొదటి మెట్టులోనే తేదీగా మార్చబోతే అలాంటి వరుసలన్నీ బయటే ఆగిపోతాయి. ముందు లోపలికి రానిచ్చి, తర్వాత సరిచేయాలి.

దవాఖానా పాత సాఫ్ట్‌వేర్ ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు డేటాబేస్‌లో రాసింది. అది డేటాను దాచే డీబీఎఫ్ ఫైళ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఇలాంటివి ఇంకా చాలాచోట్ల నడుస్తున్నాయి. డీబీఎఫ్‌లో ఒక రికార్డును డిలీట్ చేస్తే అది నిజంగా పోదు. ప్రతి రికార్డు ముందు ఒక బైట్ ఉంటుంది. అక్కడ ఖాళీ ఉంటే రికార్డు ఉన్నట్టు, నక్షత్రం గుర్తు ఉంటే తీసేసినట్టు. ప్యాక్ అనే ఆజ్ఞ ఇచ్చేదాకా ఆ రికార్డు ఫైల్లోనే ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోని లైబ్రరీతో చదివితే ఎప్పుడో తీసేసినవన్నీ మళ్లీ ప్రత్యక్షమవుతాయి. నేను వాటిని పారేయకుండా, తీసేసినవి అన్న గుర్తుతో పక్కన పెట్టాను. అది పనికొచ్చింది. పేరు తప్పు పడ్డప్పుడు రికార్డును దిద్దకుండా, తీసేసి కొత్తది రాసే అలవాటు అక్కడ ఉండేది. ఒకే మనిషి పేరు ఎన్ని రకాలుగా పడిందో ఆ తీసేసిన రికార్డులే చూపించాయి.

ఆ ఫైళ్లలో కాలమ్ పేరు పది అక్షరాలు దాటకూడదు. ఒక కాలమ్ తండ్రి పేరుదా భర్త పేరుదా అన్నది దాని పేరు చూస్తే తేలలేదు. రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న పెద్దాయన రిటైరై ఊళ్లోనే ఉన్నారు. వెళ్లి అడిగితే, పెళ్లి కాకపోతే తండ్రిది, అయితే భర్తది, చిన్నపిల్లల్ని తల్లి తీసుకొస్తే ఒక్కోసారి తల్లిది కూడా రాసేవాళ్లమని చెప్పారు. ఏ డాక్యుమెంట్‌లోనూ ఇది లేదు. డేటా కలిపే పని మొదలుపెట్టేవాళ్లు సర్వర్ దగ్గరికి వెళ్లేముందు ఇలాంటి పెద్దమనిషి దగ్గరికి వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఫైళ్లలో మరాఠీ పేర్లు యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు అన్ని భాషలకూ వాడే అక్షరాల ప్రమాణంలో లేవు. కృతి దేవ్ అనే పాత ఫాంట్‌లో టైప్ చేశారు. అందులో దాచేవి ఇంగ్లిష్ అక్షరాలే, ఫాంట్ వాటిని దేవనాగరిగా చూపిస్తుంది. కిరణ్ అన్న పేరు తీసుకుంటే, ఫైల్లో ఉన్నది ఎఫ్, డి, జె, ఒక చుక్క, కె. ఎఫ్ అంటే హ్రస్వ ఇకారం గుడి, డి అంటే క. రాసేటప్పుడు ఆ గుడి క కంటే ఎడమపక్కన కనిపిస్తుంది కాబట్టి టైప్ కూడా ముందే చేస్తారు. యూనికోడ్‌లో మాత్రం హల్లు ముందు, గుడి తర్వాత. వర్మ లాంటి పేర్లలో రేఫ (అక్షరం పైన పడే ర్) ఇందుకు తలకిందులు: పలికేటప్పుడు ముందు, టైప్ చేసేటప్పుడు ఆ అక్షరమంతా అయిపోయాక. కాబట్టి ఒక అక్షరానికి బదులు ఇంకొకటి పెట్టుకుంటూ పోతే సరిపోదు, జరపాలి కూడా. ఈ మార్పిడి రాసి, సంస్థలో మరాఠీ బాగా వచ్చిన నర్సుతో కొన్ని వందల పేర్లు చదివించి సరిచూసుకున్నాను.

యాప్ డేటా మాంగోడీబీ అనే ఇంకో రకం డేటాబేస్‌లో ఉంది. అది తేదీలను యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో దాస్తుంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఆశా వర్కర్ పుట్టిన తేదీ మార్చి 12 అని ఎంచుకుంటే, యాప్ దాన్ని మార్చి 12 అర్ధరాత్రిగా తీసుకుని పంపుతుంది. అక్కడికి చేరేది మార్చి 11 సాయంత్రం 6.30. ఎగుమతి చేసేటప్పుడు సమయం కోసేసి తేదీ మాత్రమే తీసుకుంటే మార్చి 11 మిగులుతుంది. అంటే యాప్‌లోని పిల్లలందరి పుట్టిన తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది. మిగతా సోర్సుల్లో మార్చి 12 ఉంటుంది కాబట్టి ఏ ఒక్క పిల్ల తేదీ కూడా కలవదు. తేడా అందరికీ సరిగ్గా ఒక్కరోజే అని గమనిస్తే కారణం దొరికిపోతుంది, మన సమయంలోకి మార్చి తీసుకుంటే చాలు.

ఎక్సెల్ షీట్లలో సమస్యలు అందరికీ తెలిసినవే. రోజు ముందా నెల ముందా అన్నది షీటును బట్టి మారింది. పన్నెండు అంకెల నంబర్ కొట్టిన గడిలో 4.56ఈ+11 లాంటిది కనిపిస్తుంది. ఆ రూపంలోనే సీఎస్‌వీగా (ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే మిగతా అంకెలు ఇక తిరిగి రావు.

ఇంతవరకు చెప్పినవన్నీ కష్టమైనా తేలిపోయే పనులు. నాకు అసలు పని మొదలైంది 'పాజిటివ్' అన్న మాట దగ్గర.

క్యాంపు షీట్‌లో పాజిటివ్ అని ఉంటుంది. దవాఖానా ఫైల్లో సికిల్ అని రాసి పక్కన ప్లస్ గుర్తు ఉంటుంది. ల్యాబ్ టేబుల్‌లో ఏఏ, ఏఎస్, ఎస్ఎస్ అని ఉంటాయి. మూడు కాలమ్‌లనూ 'సికిల్‌సెల్ ఉందా లేదా' అన్న ఒక్క కాలమ్‌లోకి కలిపేయడం చాలా సులువు, అది చేయకూడని పని. క్యాంపులో చేసేది సాల్యుబిలిటీ టెస్ట్. వేలి నుంచి తీసిన రక్తం చుక్క ద్రావణంలో వేస్తారు. అది మబ్బుగా మారితే పాజిటివ్. రక్తంలో ఎస్ రకం హిమోగ్లోబిన్ ఉందని మాత్రమే అది చెబుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందా, ఇద్దరి నుంచీ వచ్చిందా అన్నది చెప్పదు. ఎవరి నుంచీ రాకపోతే ఏఏ. ఒకరి నుంచే వస్తే ఏఎస్, అంటే వాహకులు. వాళ్లకు సాధారణంగా జబ్బు లక్షణాలు ఉండవు. ఇద్దరి నుంచీ వస్తే ఎస్ఎస్, అది జబ్బు. ఈ తేడా తేల్చడానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ల్యాబ్ పరీక్ష, ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాలి. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఎస్ఎస్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇంకో చిక్కు. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో ఎఫ్ రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి సాల్యుబిలిటీ టెస్టులో జబ్బున్నా నెగెటివ్ రావచ్చు. కాబట్టి క్యాంపు షీట్‌లోని నెగెటివ్ కూడా వయసు చూడకుండా నమ్మదగింది కాదు.

అందుకే రిజల్టును ఒక్క కాలమ్‌గా పెట్టలేదు. ఏ పరీక్ష, ఏ తేదీన, అప్పటికి వయసెంత, ఏమొచ్చింది, ఎవరు రాశారు అన్నవి విడివిడిగా ఉంచి, ఒక మనిషికి ఎన్ని పరీక్షలుంటే అన్ని వరుసలు పెట్టాను. 'నిర్ధారణ' అన్న కాలమ్ డాక్టర్ చూసి సంతకం చేసినప్పుడే నిండుతుంది, ప్రోగ్రామ్ నింపదు. కొందరు దీన్ని అతిజాగ్రత్త అన్నారు. ఊళ్లో పెళ్లీడు అమ్మాయికి వాహకురాలన్న మాట బదులు జబ్బు అన్న మాట పడితే ఏమవుతుందో తెలిసిన నాకు అది కనీస జాగ్రత్త అనిపిస్తుంది.

ఈ పని ఎందుకు చేయాలో నాకు పూర్తిగా తెలిసింది ఒక కుర్రాడి రికార్డులు కలిసినప్పుడు. ల్యాబ్‌లో అతనికి హెచ్‌పీఎల్‌సీ రిజల్టు ఏఎస్. వాహకుడే కదా అని ఎవరూ మందులు మొదలుపెట్టలేదు. దవాఖానా ఫైల్లో మాత్రం చిన్నప్పటి నుంచి కీళ్లనొప్పులు, పచ్చకామెర్లు, తిల్లి (ప్లీహం) పెరగడం రాసి ఉన్నాయి. ఇవి వాహకుడికి ఉండే లక్షణాలు కావు. వాళ్లమ్మ దాచిన డిశ్చార్జి కాగితం చూస్తే, శాంపిల్ తీయడానికి నెలన్నర ముందు గోదావరి అవతల ఒక ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. ఎక్కించిన రక్తంలోని ఎర్రకణాలు కొన్ని వారాలపాటు ఒంట్లో తిరుగుతూనే ఉంటాయి. అవి దాత కణాలు, వాటిలో ఉండేది మామూలు 'ఏ' రకం హిమోగ్లోబిన్. ల్యాబ్ యంత్రం 'ఏ', 'ఎస్' రెండూ చూసి ఏఎస్ అంది. అందుకే రక్తం ఎక్కించాక దాదాపు మూడు నెలలు ఆగి పరీక్ష చేయాలంటారు. ల్యాబ్ రిపోర్టులో తప్పు లేదు. డిశ్చార్జి కాగితంలో తప్పు లేదు. రెండు తేదీలూ పక్కపక్కన చూసినవాళ్లే లేరు. డాక్టర్ గడువు ఆగి మళ్లీ పరీక్ష చేయించారు, ఎస్ఎస్ వచ్చింది, హైడ్రాక్సీయూరియా మొదలైంది. ఆ రోజు నుంచి రక్తం ఎక్కించిన తేదీని అన్నిటికంటే ముఖ్యమైన కాలమ్‌గా పెట్టుకున్నాను.

అయితే ఆ మూడు రికార్డులూ ఒకే కుర్రాడివని ఎలా తెలిసింది? దీనికే ఎక్కువ కాలం పట్టింది.

మరాఠీ పద్ధతిలో ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. తెలుగులో ఇంటిపేరు ముందు. తెలంగాణ ఆసుపత్రుల కాగితాల్లో ఇంటిపేరు తరచు ఒక్క పొడి అక్షరమైపోతుంది. సమ్మయ్య అన్న పేరునే ఇంగ్లిష్‌లో వై రెండుసార్లు పెట్టి ఒకరు, ఐ పెట్టి చివర హెచ్ తగిలించి ఒకరు, మధ్యలో ఒక్క ఎమ్ మాత్రమే పెట్టి ఇంకొకరు రాస్తారు. పెళ్లయిన ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మరాఠీ రికార్డులో తండ్రి పేరున్న చోట భర్త పేరు వస్తుంది, ఇంటిపేరూ మారుతుంది. మూడు ముక్కల్లో రెండు మారిపోయాక మిగిలేది ఒక్క పోచక్కో, లక్ష్మో. అందుకని పేరులోని ముక్కలను వరుసతో పనిలేకుండా విడివిడిగా పోల్చాను. ఆడవాళ్లకు మధ్య పేరు కలవకపోవడాన్ని తేడాగా లెక్కించలేదు.

దేవనాగరి పేరును తెలుగు పేరుతో పోల్చడం మాత్రం అనుకున్నదానికంటే తేలికైంది. మన లిపులకు యూనికోడ్‌లో స్థానాలు ఇచ్చేటప్పుడు అంతకుముందు భారతీయ లిపులకు ఉన్న ఇస్కీ ప్రమాణంలోని వరుసనే పాటించారు. దేవనాగరి క సంఖ్యకు 768 కలిపితే తెలుగు క వస్తుంది. ఖ, గ, మిగతా హల్లులు, గుణింతాలు చాలావరకు అంతే. ఒక్క కూడికతో మరాఠీలో రాసిన ఆత్రం తెలుగులో దాదాపుగా ఆత్రం అయిపోతుంది. మరాఠీలో మన హ్రస్వ ఎ, ఒ విడిగా రాయరు కాబట్టి పోల్చేటప్పుడు ఎ, ఏలను ఒకటిగా, ఒ, ఓలను ఒకటిగా చూశాను. చివర వచ్చే సున్నా, మ రెండూ ఒకటే అనుకున్నాను, లేకపోతే పోచం, పోచమ వేరే అయిపోతారు.

ఊళ్ల పేర్లకు ప్రభుత్వ స్థానిక సంస్థల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ కోడ్ ఉంది. అంకీస, అసరెల్లి, జింగానూరు, పెంటిపాక లాంటివి ఎవరు ఎలా రాసినా ఆ కోడ్‌కు ముడిపెట్టాను. తెలంగాణ వైపు 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా మహదేవ్‌పూర్ అని రాసిందే ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు మంచిర్యాల జిల్లా అయింది. జిల్లా పేరు కలవలేదని మనిషి వేరే అనుకోకూడదు.

పోల్చే పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1969లో ఫెల్లెగి, సంటర్ అనే ఇద్దరు గణాంకవేత్తలు దీనికి సిద్ధాంతం రాశారు. ఇప్పటికీ చాలా పరికరాలు దాని మీదే నడుస్తాయి. బ్రిటన్ న్యాయశాఖ వాళ్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన స్ప్లింక్ అలాంటిదే, నేను దాన్నే వాడాను. అందులో అసలు ఆలోచన ఏమిటంటే, రెండు రికార్డుల్లో ఒక వివరం కలిస్తే దాని బరువు ఎంత అని అడగాలి. ఒకే మనిషి అయితే అది కలిసే అవకాశమెంత, వేర్వేరు మనుషులైనా యాదృచ్ఛికంగా కలిసే అవకాశమెంత అన్న రెండింటి నిష్పత్తే ఆ బరువు. మా తాలూకాలో ఆత్రం, మడావి అన్న ఇంటిపేర్లు కలిశాయంటే చెప్పుకోదగ్గ ఆధారం కాదు, ఊరికి ఎన్నో ఇళ్లు ఉంటాయి. అరుదైన ఇంటిపేరు కలిస్తే అది పెద్ద ఆధారం. పుట్టిన తేదీ కూడా అంతే. తేదీ తెలియనివాళ్లకు జనవరి 1 వేసేస్తారు కాబట్టి ఇద్దరికీ జనవరి 1 ఉందంటే ఏమీ తేలదు. నవంబర్ 23 కలిస్తే నమ్మొచ్చు. ఈ బరువులు వేరే ఊరి డేటా నుంచి అరువు తెచ్చుకుంటే పనికిరావు, ఇక్కడి పేర్ల నుంచే లెక్కించాలి.

ఇరవై వేల రికార్డులుంటే జతలు 19 కోట్ల 99 లక్షల పైచిలుకు అవుతాయి. అన్నిటినీ పోల్చనక్కర్లేదు. ఊరి కోడ్ కలిసినవి, లేదా పుట్టిన సంవత్సరంతోపాటు సొంత పేరు మొదటి అక్షరం కలిసినవి మాత్రమే పోల్చమన్నాను. పెళ్లై ఊరు మారిన ఆడవాళ్లు రెండో దారిలో దొరుకుతారు.

ఈ బరువులన్నీ కలిపితే ఒక్కో జతకు కొన్ని మార్కులు వస్తాయి. మార్కులు బాగా ఎక్కువ వచ్చిన జతలను ప్రోగ్రామ్ కలిపేస్తుంది, బాగా తక్కువ వస్తే వదిలేస్తుంది. మధ్యలో ఉన్నవి మనుషులు చూడాలి. ఆ మధ్య జాబితా ప్రింటు తీసి నర్సక్క, ఇద్దరు ఆశా వర్కర్ల దగ్గర కూర్చున్నాను. కలిపేయొచ్చు అన్నట్టుగా పైన ఉన్న ఒక జతను చూడగానే నర్సక్క కాగితం మీద వేలు పెట్టి, "తమ్మీ, వీళ్లు ఇద్దరు. కవలలు. ఒకామె సమ్మక్క, ఒకామె సారక్క" అంది. మేడారం జాతర ప్రభావం ఉన్న ప్రాంతం మాది, ఆడ కవలలు పుడితే ఈ పేర్లు పెట్టడం సహజం. ఒకే ఇంటిపేరు, ఒకే తండ్రి, ఒకే ఊరు, ఒకే పుట్టిన తేదీ, ఒకే ఫోన్ నంబర్. ఇంగ్లిష్‌లో రాస్తే రెండు పేర్లకీ తేడా రెండక్షరాలే. ఒకరు ఎస్ఎస్, ఒకరు ఏఎస్. వాళ్లను కలిపేసి ఉంటే ఒకరి మందులు ఇంకొకరి లెక్కలో పడేవి.

దాంతో ఒక నియమం చేర్చాను. ఒకే క్యాంపులో, ఒకే రోజున, రెండు వేర్వేరు వరుస నంబర్లతో ఉన్నవాళ్లను ఎన్ని మార్కులొచ్చినా కలపకూడదు. క్యాంపులో కూర్చున్నవాళ్లు ఎదురుగా ఉన్న ఇద్దరిని చూసి ఇద్దరని రాశారు. ఆ సాక్ష్యం ఏ లెక్కకంటే అయినా బలమైనది. కవలలు, ఏడాది తేడాతో పుట్టిన అన్నదమ్ములు, పెద్దమ్మ చిన్నమ్మ పిల్లలు చాలామంది ఈ నియమంతో విడిపోయారు.

ఇంకో జత దగ్గర ఆశా వర్కర్, "అన్నా, ఈమె అంకీస ఆడిబిడ్డ, పెంటిపాకకు ఇచ్చిండ్రు. ఒక్కరే, కలపుండ్రి" అంది. మార్కుల ప్రకారం ఆ జత కింద ఎక్కడో ఉంది. ఊరి బంధుత్వాలు తెలిసిన ఇలాంటివాళ్లకు ఈ పనికి కూలి కట్టి డబ్బులివ్వాలని నేను సంస్థను అడిగాను, ఇచ్చారు కూడా. వాళ్ల సొంత పని మానుకుని కూర్చుంటున్నారు, అది ఊరికే చేయించుకునేది కాదు.

పరిశీలించేవాళ్లకు చూపించే కాగితంలో పరీక్ష రిజల్టు ఉండదు. పేరు, ఊరు, తల్లిదండ్రులు, వయసు, రికార్డు ఎక్కడి నుంచి వచ్చింది, అంతే. మనిషి ఎవరో చెప్పడానికి జబ్బు తెలియాల్సిన పనిలేదు. రిజల్టులు వేరే స్కీమాలో (డేటాబేస్‌లోనే విడి అరలో), డాక్టర్‌కు, కౌన్సెలర్‌కు మాత్రమే కనిపించేలా ఉన్నాయి. ఆధార్ నంబర్‌ను కలిపే తాళంగా వాడవద్దని మొదట్లోనే అనుకున్నాం. సగం చోట్ల లేదు, ఉన్నచోట ఎక్సెల్ చెడగొట్టింది, అన్నిటికీ మించి ఒక చిన్న సంస్థ అంతమంది ఆధార్ నంబర్లు, జబ్బు వివరాలు ఒకేచోట పెట్టుకోవడం ప్రమాదం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, ఒక్క ఫైల్ బయటికి పోతే ఆ కుటుంబాలు పడే బాధ మనం తీర్చలేం.

కలిపిన తర్వాత మూల రికార్డులను ముట్టుకోలేదు. ఏ సోర్సులోని ఏ నంబర్ ఏ మనిషికి చెందుతుందో చెప్పే ఒక్క టేబుల్ ఉంది. అందులో ఆ నిర్ణయం ప్రోగ్రామ్‌దా మనిషిదా, ఎప్పుడు, ఏ కారణంతో అన్నవి ఉంటాయి. ఇద్దరు వేరని రేపు తేలితే ఆ టేబుల్‌లో ఒక వరుస మారిస్తే చాలు, విడిపోతారు. కలిపేసి పాతవి చెరిపేసే పద్ధతిలో ఆ అవకాశం ఉండదు. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఏది తీసుకోవాలన్నది కాలమ్‌ను బట్టి నిర్ణయించాం. ఫోన్ నంబర్‌కు యాప్‌ను నమ్ముతాం, అదే కొత్తది. పుట్టిన తేదీకి టీకాల కార్డు చూసి రాసిన దవాఖానా ఫైల్‌ను నమ్ముతాం. పేరు మాత్రం మనిషి తనను తాను ఎలా చెప్పుకుంటే అలా.

కాఫ్కా, డెబీజియం లాంటివి పెట్టి మార్పులు క్షణాల్లో వచ్చేలా చేయమని హైదరాబాద్ స్నేహితులు సలహా ఇచ్చారు. ఇక్కడ వాటి అవసరం లేదు. నెట్ ఎప్పుడుంటుందో తెలియదు, ఫాక్స్‌ప్రో ఫైల్‌కు మార్పుల లాగ్ ఉండదు. ప్రోగ్రామ్ రాత్రికి ఒకసారి ఫైళ్లు తీసుకుని, ప్రతి వరుసకూ హ్యాష్ (అందులోని వివరాల నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి సంఖ్య) వేసి నిన్నటితో పోల్చి, మారినవి మాత్రమే లోపలికి తీసుకుంటుంది. నెట్ లేకపోతే పెన్‌డ్రైవ్. సోమవారం పొద్దున ఆశా వర్కర్ల చేతికి ఊరివారీగా, మందులు తీసుకోనివాళ్ల జాబితా ప్రింటు అందుతుంది.

మధ్య జాబితాలో ఇంకా తేలని జతలు ఉన్నాయి, వాటిని విడిగానే ఉంచాం. అనుమానం ఉంటే విడిగా ఉంచడమే మేలని డాక్టర్ కూడా అన్నారు. నది అవతలి ఆసుపత్రుల నుంచి మాత్రం డేటాబేస్ రాదు, కాగితమే వస్తుంది. అందుకని తెలుగు, మరాఠీ రెండింట్లో చిన్న చీటీ అచ్చు వేయించాం: రక్తం ఎక్కించిన తేదీ, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి. రోగి తన కార్డుతోపాటు తీసుకెళ్తాడు, అక్కడి సిస్టర్ నింపి ఇస్తుంది. కొన్ని నింపి తిరిగొస్తున్నాయి, కొన్ని ఖాళీగానే వస్తున్నాయి. తేదీ ఉన్న చీటీ వచ్చిన రాత్రే లోపలికి ఎక్కుతుంది. ఆ తేదీ నుంచి మూడు నెలల లోపు ఆ మనిషి హెచ్‌పీఎల్‌సీ రిజల్టు ఏది వచ్చినా డాక్టర్ స్క్రీన్ మీద దాని పక్కన ఎర్ర గుర్తు పడుతుంది.